‘డర్జ్’ – ఒక శోకపదము పుట్టుపూర్వోత్తరములు
(గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ వేళ చావుపాటను గూర్చిన ప్రసంగమా యని కొందరు నొసలు ముడుచుకొనవచ్చును. గ్రంథాలయమునకు శుభాశుభములు లేవు. ఒకే బీరువాలో రుక్మిణీ కల్యాణమును గరుడపురాణమును ప్రక్కప్రక్కన నుండును. రెంటి దుమ్మును ఒకే గుడ్డతో దులుపుదురు. పైగా ఈ సంచికలో దివంగతులైన సభ్యులకు ఒక పుట కేటాయింపబడినది. ఆ పుట యున్నచోట ఈ మాటకును చోటుండుట న్యాయమే.

ఈ విచారణకు కారణమైన సంగతి చాల చిన్నది. ఉన్నత పాఠశాలలో చదువుకొను విద్యార్థి యొకడు గ్రంథాలయమునకు వచ్చి, ఇంగ్లీషు పాఠములో తనకు తగిలిన ‘డర్జ్’ అను మాటకు అర్థ మేమని యడిగెను. అరుగుమీద పత్రిక చదువుచున్న పెద్ద యొకరు తల యెత్తకయే “దర్జీయా? బట్టలు కుట్టువాడురా అబ్బాయీ” అనిరి. అక్కడ నున్నవారందరును నవ్విరి. నిఘంటువు తెరచి చూడగా ‘శోకగీతము’ అని కనబడినది. విద్యార్థి వ్రాసికొని పోయెను. పరీక్షకు అంతమాత్రము చాలును. కాని అడంగలులో రైతు పేరు చూచుట వేరు. ఆ చెక్క ఎవరి నుండి ఎవరికి, ఏ విధముగ సంక్రమించినదో తెలియుట వేరు. ఈ మాటకు పట్టా శోకము పేర నున్నది గాని, పూర్వపు హక్కుదారు వేరొకడు.

ముందుగా చెప్పవలసిన దేమనగా, ఈ మాటలో ఏడుపు లేదు. చావు లేదు. పాట కూడ లేదు. పుట్టుకచే ఇది ఒక క్రియాపదము. అందును విధ్యర్థక రూపము, మధ్యమ పురుష ఏకవచనము. లాటిన్ భాషలో ‘దీరిజే’ అనగా ‘తిన్నగా నడిపింపుము’ అని అర్థము. ప్రాచీన రోమనులు ‘దీరిగే’ అని పలికిరి. పిమ్మటి చర్చి గురువుల నోట గకారము జకారమైనది. దారి చూపుమని వేడుకొను ఈ మాట ఏడ్పునకు పేరెట్లయ్యెనో తెలియవలెనన్న, ఇంగ్లండు దేశపు పల్లెలలో ఎనిమిది వందల యేండ్ల క్రిందటి చావులను చూడవలసి యుండును.

ఆ కాలమున ఇంగ్లండు రోమను క్రైస్తవ సంఘమునకు లోబడి యుండెను. మనిషి మరణించినప్పుడు శవమును చర్చికి చేర్చి, సాయంకాలము ఒక ప్రార్థన చేయుదురు. రాత్రి కొవ్వొత్తుల వెలుగున శవజాగరణ. రాత్రి గడచి తెల్లవారబోవు వేళకు రెండవ ప్రార్థన. ప్రొద్దెక్కిన పిమ్మట పూజ, ఆపైన ఖననము. ఇదంతయు లాటిన్ భాషలోనే సాగెడిది. పాడు గురువులలో కొందరికి ఆ భాష అంతంతమాత్రము; చుట్టు నిలిచిన బంధువులకు బొత్తిగ తెలియదు. అపరకర్మల మంత్రములను చేతులు కట్టుకొని వినుచు నిలుచు మన రైతునకు ఆ బంధువుల స్థితి వివరించి చెప్ప నక్కరలేదు.

తెలియని భాషలోని దీర్ఘమైన ప్రార్థనను గుర్తుంచుకొనుటకు జనులకు ఒక్కటే యుపాయము: మొదట చెవినిబడిన మాటనే దానికి పేరుగ పెట్టుట. సాయంకాలపు ప్రార్థనలో పల్లవి ‘ప్లాచేబో’ అని మొదలగును. అది ‘ప్లాచేబో’ అయ్యెను. తెల్లవారుజాము ప్రార్థనలో పల్లవి ‘దీరిజే’ అని మొదలగును. అది ‘దీరిజే’ అయ్యెను. ఉదయపు పూజలోని గీతము ‘రెక్వియెమ్’ అని, అనగా ‘విశ్రాంతిని’ అని, ఆరంభమగును. అది ‘రెక్వియెమ్’ అయ్యెను. ఇందు వింతయేమియు లేదు. ఈశోపనిషత్తునకు, కేనోపనిషత్తునకు పేర్లు వాని మొదటి మాటలనుండియే వచ్చినవి. రుద్రాధ్యాయమును నమకమనియు, దాని వెంట చదువు భాగమును చమకమనియు పిలుచుట, అందు మాటిమాటికి వినబడు పదములను బట్టియే గదా. త్యాగరాజస్వామి కీర్తనలను పల్లవి మొదటి మాటలతోనే చెప్పుకొనుచున్నాము.

దీరిజే యను మాట కీర్తనల గ్రంథములోని ఐదవ కీర్తన నుండి గ్రహింపబడినది. శత్రువుల నడుమ చిక్కిన భక్తుడొకడు తన త్రోవను దేవుడు తిన్నగా చేయవలెనని వేడుకొను సందర్భమది. ఆ భక్తుడు బ్రతికియున్నవాడు. ఆతనికి కావలసినది ఈ లోకములోని దారి. సంఘమువారు అదే మాటను శవము చెంత పాడించిరి. దానితో అర్థము తలక్రిందు గాలేదు గాని, లోతు పెరిగినది. ‘నా త్రోవ’ అని పాడుచున్నది గురువు. కాని త్రోవ పట్టినవాడు నేలపై పరుండి యున్నవాడు. నోరు ఒకరిది, ప్రయాణ మొకరిది. వింటున్నవారు కూడ ఒకనాటికి ఆ త్రోవను పోవలసినవారే గనుక ఆ ‘నా’ యను మాట ఎవరి నోటనైనను సరిపోవును. ప్రార్థన నడుమ యోబు గ్రంథమునుండి తొమ్మిది పాఠములు చదువుదురు. సంతానమును, సంపదను, ఆరోగ్యమును పోగొట్టుకొని దేవునితోనే వాదమునకు దిగిన యోబు మాటలను శవము ప్రక్క చదువుట కేర్పాటు చేసినవారు మనుష్య హృదయము తెలిసినవారని యొప్పుకొనక తప్పదు.

13వ శతాబ్ది తొలిపాదమున, ఏకాంతవాసము చేయు స్త్రీ సన్న్యాసుల కొరకు ఇంగ్లీషులో వ్రాయబడిన నియమ గ్రంథమున ఈ మాట అప్పటికే కనబడుచున్నది. జనులు నిత్యము వాడుటచే ‘దీరిజే’ అరిగిపోయెను. నడిమి ఇకారము జారిపోయి ‘దిర్జే’, తుది యచ్చు కూడ జారి ‘దిర్జ్’, పిమ్మట ‘డర్జ్’. పలుకు ‘పల్కు’ అయినట్లు, కలుగు ‘కల్గు’ అయినట్లు నడిమి యచ్చు పోవుట తెలుగు వానికి ఆశ్చర్యము కొలుపదు. ఆశ్చర్యపడినవాడు ఇంగ్లీషు మహాపండితుడు శామ్యూల్ జాన్సన్. 1755లో వెలువడిన ఆయన నిఘంటువులో, ఈ మాట లాటిన్ దీరిజేనుండి పుట్టినదని కొందరు చెప్పునది నిజము కాదనియు, స్తుతించుట యను అర్థము గల ట్యుటానిక్ ధాతువు నుండి వచ్చినదనియు, చనిపోయినవాని గుణములను పొగడు పాటయే డర్జ్ అయి యుండుననియు ఒక న్యాయపదకోశకారుని మాట యెత్తి వ్రాసిరి. తరువాతి పండితులు పాత వ్రాతప్రతులలో దీరిజే, దిర్జే, దిర్జ్ అను రూపములను వరుసగ చూపి ఆ మాటను త్రోసివేసిరి. రికార్డు ముందు ఊహ నిలువదు. ఊహించినవాడు జాన్సనంతవాడైనను సరే.

ఇట్టి యూహలు మనకును లేకపోలేదు. క్రౌంచ పక్షి వధను చూచి వాల్మీకికి కలిగిన శోకమే శ్లోకమైనదని రామాయణము చెప్పుచున్నది. కవిత్వముగ ఆ మాటకు మించినది లేదు. వ్యాకరణముగ చూచినచో శ్లోకశబ్దము వినుట యను అర్థము గల ధాతువునకు చుట్టము. శోకము వేరొక ధాతువునుండి పుట్టినది. మహాకవి శబ్దములను కలిపి ఒక సత్యమును చెప్పెను. ఆయనను నిఘంటుకారునిగ చేసి బోనెక్కింపరాదు. జాన్సన్ మాత్రము నిఘంటుకారుడే.

ఇక ఈ మాట వంశవృక్షము చూడదగినది. లాటిన్‌లో ‘రెగెరె’ అనగా తిన్నగా నడుపుట, ఏలుట. దానిముందు ఉపసర్గ చేరగా ‘దీరిగెరె’. ‘డైరెక్టరు’ ఇందుండి పుట్టినవాడే. ‘కరెక్టు’ ఆ ధాతువునకే వేరొక యుపసర్గ తగిలినది. తిన్నని గీత గీయు పలకకు రోమనులు ‘రేగులా’ అని పేరు పెట్టిరి. అది ఫ్రెంచి నోటబడి ఇంగ్లీషునకు వచ్చి ‘రూలు’ అయినది. లెక్కల పుస్తకములో గీతలు కొట్టు రూళ్ళకర్ర, సర్కారువారి రూలు రెండును అదియే. ఆ ‘రేగులా’యే మరియొక దారిని పోయి ‘రైలు’ అయినది. రైలు అనగా మొదట బండి గాదు, తిన్నని కమ్మి. దీరిగెరె యొక్క వేరొక రూపము ఫ్రెంచిలో సరిచేయుట, సర్దుట యను అర్థమున నిలిచి ఇంగ్లీషులో ‘డ్రెస్సు’ అయినది; ఉత్తరము తిన్నగా చేరుటకు వ్రాయు ‘అడ్రసు’ దాని తోబుట్టువు. అరుగుమీది పెద్దమనిషి మాటకు నవ్వినవారు ఇక్కడ కొంత సంకోచింపవలెను. దర్జీ యను మాట పారసీకము. కుట్టు అను అర్థము గల ‘దర్జ్’ నుండి వచ్చినది. శోకగీతముతో దానికి చుట్టరికము లేదు. కాని ఆ దర్జీ కుట్టు డ్రెస్సునకు మాత్రము శోకగీతముతో రక్తబంధ మున్నది! అట్లని చెవికి ఇంపుగ వినబడిన ప్రతిమాటను ఈ వంశమున చేర్చరాదు. కలెక్టరు ఈ యింటివాడు కాడు. ఏరుట, ప్రోగుచేయుట యను అర్థము గల వేరొక ధాతువునకు చెందినవాడు.

1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు సంస్కృతమునకు, గ్రీకు లాటిన్ భాషలకు గల పోలికలను సభాముఖమున చెప్పిన పిదప ఈ చుట్టరికములు గంగాతీరమువరకు విస్తరించినవి. లాటిన్ రెగెరెకు సంస్కృతములో సరియైన జ్ఞాతి ‘ఋజు’ శబ్దము. తిన్ననిది, వంకర లేనిది అని దాని యర్థము. రాజశబ్దము కూడ లాటిన్‌లోని రాజవాచకమగు ‘రెక్స్’ తోడిదే యనియు, రెండును ఈ ధాతువునకే చెందుననియు పెక్కుమంది పండితుల మతము. తెలుగు సంస్కృత కుటుంబమునకు చెందినది కాదని 1816లోనే ఎల్లిస్ దొర నిరూపించెను. తిన్నదనమునకు మన సొంతమాట ‘తిన్నన’ యే. అయినను సంస్కృతమునుండి తెచ్చుకొని ఋజువును ఎంత సొంతము చేసికొంటిమో చూడుడు: నేడు ‘ఋజువు’ అనగా సాక్ష్యము. కోర్టులో “ఋజువేమి?” అని యడుగు వకీలు, శవము చెంత ‘దీరిజే’ యని పాడు గురువు, ఇద్దరును ఒకే బావినీరు తోడుచున్నారు.

మరల చర్చిలోనికి పోవుదము. సాయంకాలపు ప్రార్థనకు పేరైన ప్లాచేబో సంగతి చెప్పక విడువరాదు. ‘నేను సంతోషపెట్టుదును’ అని దాని యర్థము. దేవుని సంతోషపెట్టుట అని భావము. ధనవంతు లెవరైన చనిపోయినపుడు, చివరను పంచు డబ్బులకును రొట్టెకును ఆశపడి సంబంధము లేనివారు కూడ చేరి ఈ ప్రార్థన పాడెడివారు. అందుచే ప్లాచేబో పాడువాడనగా ముఖస్తుతి చేయువాడని యర్థము ప్రబలెను. 14వ శతాబ్ది చివర చాసర్ మహాకవి తన కాంటర్బరీ కథలలో, వర్తకుని కథలో, ముసలితనమున పెండ్లికి సిద్ధపడిన ప్రభువునకు వంతపాడు సోదరునికి ప్లాసీబో అని పేరు పెట్టెను. 18వ శతాబ్దిలో వైద్యులు, గుణము కొరకు గాక రోగి తృప్తి కొరకిచ్చు మందునకు ఆ పేరే తగిలించిరి. నేడు క్రొత్త మందులను పరీక్షించు ఆసుపత్రులలో ‘ప్లసీబో’ అనునది అదియే. రాత్రి చివర పాడిన దీరిజే కవుల పాలయ్యెను. సాయంకాలము పాడిన ప్లాచేబో వైద్యుల పాలయ్యెను. ఒకే శవము చెంత పుట్టిన మాటలు! పాడినవారి యోగ్యతను బట్టి మాటకు పరువు నిలుచునో పోవునో నిర్ణయమగునని దీనివలన తోచును.

దీరిజేకు ఆపద వేరొక దిక్కునుండి వచ్చినది. చనిపోయినవాని యాత్మ పాపశుద్ధి లోకమున కొంతకాలము బాధపడుననియు, బ్రతికియున్నవారి ప్రార్థనలచే ఆ బాధ తగ్గుననియు రోమను సంఘపు విశ్వాసము. అందుచే ధనవంతులు తమ పేర ప్లాచేబో, దీరిజేలు పాడించుటకు వీలునామాలలో ధనము, భూములు వ్రాసియిచ్చెడివారు. ఇనాము భూముల వ్యవహారము తెలిసినవారికి ఇది సులభముగ నర్థమగును. ఇంగ్లండు రాజు 8వ హెన్రీ రోమునుండి విడిపోయినవాడే. అయినను తన యాత్మ కొరకు నిత్యము పూజలు జరుగవలెనని వీలునామాలో వ్రాసియుంచెను. ఆయన 1547 జనవరిలో మరణించెను. సింహాసన మెక్కిన కుమారుడు 6వ ఎడ్వర్డు తొమ్మిదేండ్ల బాలుడు. రాజ్యము నడిపినవారు సంస్కరణవాదులు. ఆ సంవత్సరము ముగియకమునుపే, మృతుల కొరకు ప్రార్థనలు జరిపించు మాన్యములను రద్దుచేసి ఆ యాస్తులను ప్రభుత్వ పరము చేయు చట్టము వచ్చినది. 1549లో ఇంగ్లీషు ప్రార్థన గ్రంథము వెలువడినది. లాటిన్ దీరిజేకు చర్చిలో చోటు పోయినది.

ఇక్కడ కొంచెము ఆగి చూడవలెను. ఒక తల్లి బిడ్డను పోగొట్టుకొన్నది. నిన్నటివరకు ఆ బిడ్డ కొరకు ఆమె చేయగలది యొకటి యుండెను: కొవ్వొత్తి వెలిగించి, త్రోవ తిన్నగా చేయుమని గురువు చేత పాడించుట. నేటినుండి అది నిషిద్ధము. బిడ్డ దైవము చేతిలో నున్నాడు, ఇక నీవు చేయునది లేదు అని క్రొత్త సిద్ధాంతము. అది సరియా కాదా యనునది మత పండితుల విచారము. మాట చరిత్ర చూచువానికి కనబడున దేమనగా, పోయినవాని ప్రయాణమును గూర్చి మాటాడు హక్కు పోగా, ఉన్నవారికి మిగిలినది తమ దుఃఖము మాత్రమే. ‘డర్జ్’ అను మాట మాత్రము జనుల నోటినుండి పోలేదు. లోపలి యర్థము తీసివేయబడిన ఆ పాత్రలో కన్నీరు నిండినది.

ఆ మార్పు షేక్‌స్పియరు నాటకములలో స్పష్టముగ కనబడును. రోమియో జూలియటు నాటకమున కూతురు చనిపోయినదని తలంచిన తండ్రి, పెండ్లికి సిద్ధపరచిన సమస్తమును చావునకు మరలించు సందర్భమున ఈ మాట వాడును. హామ్లెటులో అన్నను చంపి వదినను పెండ్లాడిన రాజు, పెండ్లిని చావును కలిపి చెప్పు కపటోపన్యాసమున వాడును. రెండు చోట్లను డర్జ్ అనగా పెండ్లిపాటకు ఎదురుపాట. దారి యను భావము సున్న. షెల్లీ కవి 1822లో నౌకాప్రమాదమున మరణించెను. ఆయన వ్రాసిన ‘డర్జ్’ అను చిన్న పద్యము 1824లో అచ్చయినది. అందు గాలియు మేఘమును సముద్రమును లోకపు చెడుగు నకు ఏడ్చును. చనిపోయిన మనిషి యే లేడు. కాళిదాసు రఘువంశము 8వ సర్గలోని అజవిలాపము, కుమారసంభవము 4వ సర్గలోని రతీవిలాపము చదివినవారు, ఉన్నవారి దుఃఖమునకు మన కావ్యములలో ఎంత చోటున్నదో యెరుగుదురు. 17వ శతాబ్దినాటికి డర్జ్ మన విలాపమునకు దగ్గరగా వచ్చినది.

అయినను ఇంగ్లండు ఉత్తర భాగమున, యార్క్‌షైరు పల్లెలలో, చట్టములు పట్టించుకొనని వారుండిరి. శవము చెంత రాత్రి మేలుకొని స్త్రీలు పాడు పాట యొకటి అక్కడ నిలిచియుండెను. దానిని ‘లైక్‌-వేక్ డర్జ్’ అందురు. లైక్ అనగా పాత ఇంగ్లీషులో దేహము, వేక్ అనగా జాగరణ. జాన్ ఆబ్రీ యను చరిత్రకారుడు 1686 ప్రాంతమున దానిని తన వ్రాతప్రతిలో కెక్కించెను. 19వ శతాబ్ది మొదట వాల్టర్ స్కాటు తన జానపద గేయ సంపుటమున అచ్చువేయించెను. ఆ పాటలో ఏడ్పు లేదు. ఉన్నదంతయు దారియే. దేహము విడిచిన జీవుడు మొదట ముళ్ళపొదల బీడు దాటవలెను. బ్రతికియుండగా ఎవరికైనను మేజోళ్ళు, జోళ్ళు దానము చేసియున్నచో అక్కడ కూర్చుండి ఆ జోళ్ళనే తొడుగుకొని పోవచ్చును. చేయకున్నచో ముళ్ళు ఎముకదాక దిగును. తరువాత భయంకరమైన వంతెన. ఆ వెనుక అగ్ని. ఆకలిగొన్నవానికి అన్నపానము లిచ్చినవానిని ఆ యగ్ని తాకదు.

ఈ పాట సారాంశమును విన్న మన పల్లెటూరి వృద్ధురాలెవ్వరును ఇది పరదేశపు మాట యనుకొనరు. గరుడపురాణములో ప్రేతము యమపురి మార్గమున పోవుచు ముళ్ళును, కాలిన యిసుకయు, వైతరణీ నదియు దాటవలెను. అందులకే పన్నెండవనాడు చెప్పులు, గొడుగు దానము చేయుదురు. నది దాటుటకు గోదానము. యార్క్‌షైరు స్త్రీ గరుడపురాణము వినలేదు. మన పౌరాణికుడు యార్క్‌షైరు పేరు వినలేదు. ఎవరి నుండి ఎవరును అప్పు తెచ్చుకొన్నారని చెప్ప నవసరములేదు. చెప్పులు లేని కాలు ముల్లు తగిలిన బాధ రెండు దేశములకును ఒకటియే. దీరిజే యను లాటిన్ మాట అర్థము ఆ స్త్రీలకు తెలియదు; కాని వారు పాడినది అక్షరాల అదియే: త్రోవ తిన్నగా నుండుగాక.

స్కాట్లండులో ఈ మాటకు పట్టిన గతి వేరు, కొంచెము నవ్వుపుట్టించునది. అక్కడ ‘డిర్జీ’ అనగా ఖననమునకు పిమ్మట పెట్టు విందు, పానము. పాట పోయి పాన మొకటియే మిగిలినది. తప్పుపట్టుటకు తెలుగువానికి అర్హత లేదు. ‘దినము’ అను నిర్దోషమైన మాటను “ఫలానావారింట దినం భోజనము” అని చావుతిండికి ముడివేయలేదా? ‘తద్దినము’ అనగా ‘ఆ రోజు’. అంతకు మించి అందేమియు లేదు. పోయినవాని పేరెత్తలేక, చావు మాట పలుకలేక, “ఆ రోజు” అని కన్నులు దించుకొన్న మనిషి యెవరో మొదట అనియుండును. నేడది విసుగు మాట. ఉపన్యాసము పొడవైనచో “ఇదేమి తద్దినమయ్యా” అందురు. కావున త్వరగ ముగించుట క్షేమము.

మరి డర్జ్‌కు తెలుగేమి? ఎలిజీ, డర్జ్, కీన్ అని ఇంగ్లీషులో మూడు మాటలున్నవి. ఎలిజీ గ్రీకునుండి వచ్చినది. పోయినవానిని తలచుకొని తీరికగ వ్రాయు కావ్యము. దానికి స్మృతికావ్య మనునది చాలును. కీన్ అనునది ఐర్లండు వారి మాట. శవముపై బడి గుణములు తలచి స్త్రీలు రాగముతో నేడ్చుట. దానికి పల్లెలో సిద్ధముగ మాటయున్నది: శోకములు పెట్టుట. డర్జ్ ఈ రెండును కాదు. శోకగీతమన్నచో 17వ శతాబ్దికి పిమ్మటి అర్థము మాత్రమే వచ్చును. షెల్లీకి సరిపోవును, యార్క్‌షైరు స్త్రీలకు చాలదు. చరమగీతి యన్నచో చివర యను మాట వచ్చినది గాని దారి రాలేదు.

కొన్నాళ్ళ పిమ్మట ఆ విద్యార్థి మరల గ్రంథాలయమునకు వచ్చి, పాఠములోని పద్యమున చనిపోయినవాని నావను గూర్చిన మాట యున్నదనియు, శోకగీత మనినచో అది పొసగుటలేదనియు చెప్పెను. ఈ కథ యంతయు వినిపింపగా కొంతసేపు పెన్సిలు కొరుకుచు కూర్చుండెను. అత్తవారింటికి పోవు ఆడుబిడ్డను ఊరి పొలిమేరవరకు పోయి సాగనంపుదురు. పాడె మీద పోవువానిని శంఖము, జేగంటలతో సాగనంపుదురు. రెంటికి ఒకటే మాట. ‘సాగు’ అనుటలో నడక యున్నది, త్రోవ యున్నది. అబ్బాయి నోటుపుస్తకములో ‘శోకగీతము’ అను మాటను కొట్టివేయక, దాని ప్రక్కన ‘సాగనంపు పాట’ అని చిన్న యక్షరములతో వ్రాసికొని, నిఘంటువును బీరువాలో యథాస్థానమున పెట్టి పోయెను.